చేతి అలవాటు

మధ్యాహ్నం. కూతురు కిటికీ పక్క బల్ల దగ్గర టాబ్లెట్ మీద బొమ్మ వేస్తోంది. తల్లి వెనక మంచం మీద ఆరిన బట్టలు కుప్పగా పోసుకుని, మడతకొకసారి ఆ తెర వైపు తొంగిచూస్తోంది.

“నాకొకటే భయమే చిట్టీ. నువ్వు పోలీసులకి బొమ్మలు గీసిచ్చే ఆ దొంగల్లో ఒక్కడికైనా తెలిసిందనుకో, తన బొమ్మ గీసింది ఫలానా ఇంటి పిల్ల అని. ఊరుకుంటాడా?”

“ఎలా తెలుస్తుందమ్మా? బొమ్మ కింద నా పేరు రాయరు.”

“రాయకపోతే మాత్రం? గోడలకు చెవులుంటాయి. పాలతను అడగనే అడిగాడు, మీ అమ్మాయి పోలీస్ స్టేషన్‌కి ఎందుకెళ్తోందండీ అని.”

“నువ్వేం చెప్పావ్?”

“అక్కడ మా చుట్టం పనిచేస్తున్నాడని చెప్పాను.”

“మనకెవరమ్మా చుట్టం అక్కడ?”

“అప్పటికి నోటికొచ్చింది చెప్పాను. దొంగల బొమ్మలు గీస్తుందంటే, ఇంటింటికీ పాలతో పాటు అదీ పోసొస్తాడు.”

“అమ్మా, కాస్సేపు ఊరుకో. ఈ ముక్కు తేలట్లేదు.”

“పొద్దున్నుంచీ ఆ ముక్కే. మెడ చూసుకున్నావా, కొంగలా ముందుకు సాగింది. కళ్ళు గుంటలు పడ్డాయి. రేపు మణికట్టు పట్టేసి, గ్లాసు కూడా ఎత్తలేకపోతే?”

“రోజూ గీస్తేనే చెయ్యి తిరుగుతుంది. ఒక్కరోజు మానేస్తే గీత మొండికేస్తుంది.”

“నీకు చెయ్యి తిరుగుతోంది, నాకు తల తిరుగుతోంది. సరేగానీ, వీడేం చేశాడు?”

“ఎవరు?”

“ఈ దొంగ.”

“ఏమో.”

“ఏమో ఏంటి? గీసేదానివి నువ్వు.”

“నాకు చెప్పరు.”

“మొహం చూస్తే దొంగలా లేడే. ముందువాళ్ళూ అంతే. అందరూ తల దువ్వుకుని, బుద్ధిగా, ఫోటోకి కూర్చున్నట్టు. కళ్ళెర్రజేసినవాడు ఒక్కడూ లేడు.”

“అలాగే గీయమంటారు.”

“ఆ కాలరేంటి గడ్డం దాకా? చలికాలం దొంగా?”

“అమ్మా...”

“నవ్వకుండా చెప్పు.”

“నవ్వట్లేదు. మెడ కనపడకూడదని అలా గీశాను.”

“ఎందుక్కనపడకూడదు?”

“ఎందుకంటే... ఆ తువ్వాలు మడిచి విప్పి మళ్ళీ మడుస్తున్నావ్. ముందు నీ పని చూసుకో.”

“మాట మార్చకు. ఎందుక్కనపడకూడదు?”

“వీళ్ళు దొంగలు కారమ్మా.”

“మరి?”

“ఎవరో తెలియనివాళ్ళు. దొరికినవాళ్ళు.”

“తప్పిపోయి దొరికారా? దొరికితే ఇంక బొమ్మెందుకు? నీ పేరేంటయ్యా అంటే చెప్పరూ?”

“చెప్పలేరు.”

“మూగవాళ్ళా?”

“అమ్మా, పోయినవాళ్ళు.”

“ఓరి దేవుడో! ఇంట్లోనా? అన్నం తినే బల్ల మీదా?”

“ఫోటో చూసి గీస్తాను, అంతే. ఆ ఫోటోలు ఉన్నవున్నట్టు గోడలకి అంటిస్తే జనం చూడలేరు. అందుకని నేను మొహం శుభ్రం చేసి, దెబ్బలు తీసేసి, కళ్ళు తెరిచినట్టు గీస్తాను. వాళ్ళవాళ్ళెవరైనా చూసి గుర్తుపడతారని.”

“కళ్ళు తెరిచినట్టు...”

“ఊఁ.”

“దొంగలని నాతో అబద్ధమాడావు.”

“నిజం చెబితే నువ్వు నిద్రపోవు.”

“దొంగలని చెబితే నిద్రపోయానా? ... వస్తారా ఎవరైనా?”

“ఒక్కోసారి. మొన్నొక ముసలావిడ వచ్చింది. మనవడట. ఆ బొమ్మ నాకిచ్చేయండి బాబూ అని అడిగి పట్టుకెళ్ళింది. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదట.”

“మరి ఇతని కోసం?”

“ఎవరూ రాలేదు. బస్టాండులో పెట్టారు, ఆసుపత్రి గేటుకి పెట్టారు. ఇవాళ సాయంత్రానికి మొదట్నుంచీ మళ్ళీ గీసిమ్మన్నారు. ఇదే ఆఖరు. రేపు పొద్దున పూడ్చేస్తారు.”

“పేరు లేకుండానా?”

“నంబరుంటుంది.”

“ఏ తల్లి కన్నబిడ్డో. ఏమైందట?”

“కాలవలో దొరికాడు. మొహం, మెడ బాగా ఉబ్బిపోయాయి. ఆ వాపు ఎంత తగ్గించాలో ఫోటో చెప్పదు, నా అంచనా మీద గీయాలి. అందుకే ఇంత అవస్థ.”

“జరుగు, దగ్గర్నుంచి చూడనీ... చిట్టీ, ఇది ఎవరి మొహమూ కాదే.”

“అంటే?”

“బట్టల కొట్లో నిలబెట్టిన బొమ్మలా ఉంది. దీన్ని చూసి ఎవరొస్తారు? నువ్వు ఇంతకంటే బాగా గీస్తావు కదే. చిన్నప్పుడు గీసిన మీ అన్నయ్య బొమ్మలు, పిలిస్తే పలికేట్టుండేవి.”

“ఇప్పుడు అన్నయ్య సంగతెందుకు?”

“ఎందుకేంటి? వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకునే కదా నేర్చుకున్నావ్. కదిలితే పెన్సిల్‌తో పొడిచేదానివి. ఐస్‌క్రీం కొనిస్తేగానీ కూర్చోనని వాడు. ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో. మీ నాన్న ఆ రోజు ‘ఈ గడప తొక్కకు’ అని అనకుండా ఉంటే...”

“ఎక్కడో పని చేసుకుంటున్నాడమ్మా. ఫోన్ నంబరు మార్చాడు. అలిగాడు, అంతే.”

“అలకకైనా ఒక హద్దుంటుందే. ఏళ్ళకేళ్ళా?”

“వాణ్ణి గీసీ గీసే నా చెయ్యి చెడింది. డ్రాయింగ్ మాస్టారు తిట్టేవారు గుర్తుందా? ఎవర్ని గీసినా అన్నయ్య మొహమే వచ్చేది.”

“గుర్తులేకేం? మీ అత్తని గీస్తే, మీ అన్నయ్యకి జడ వేసినట్టు వచ్చింది. ఆవిడ మూతి ముడుచుకుని మళ్ళీ మనింటికి రావడానికి ఎంత కాలం పట్టిందో!”

“‘నీ చేతికి ఒక్క మొహమే అలవాటైపోయిందమ్మాయ్. కంటికి కనపడింది గీయి, చేతికి తెలిసింది గీయకు’ అనేవారు మాస్టారు. ఆ జబ్బు వదిలించుకోవడానికే కదా రోజూ కొత్త మొహాలు గీస్తున్నాను. వదిలింది కూడా. ఇదిగో, మళ్ళీ దీన్లోనే...”

“దీన్లో ఏంటి?”

“ఏం లేదు.”

“చిట్టీ.”

“ఏం లేదంటుంటే! కనుబొమ్మ కొంచెం... చెవి తమ్మె కొంచెం. చెయ్యి దాని దారిన అది పోయింది. సరిచేశాను.”

“సరిచేయడమంటే?”

“కాగితం మీదలాగా రుద్దక్కర్లేదు. తెర మీద రెండు వేళ్ళతో ఇలా తడితే గీత వెనక్కి పోతుంది. తీసేసి, మామూలు కనుబొమ్మ పెట్టాను.”

“మళ్ళీ వచ్చిందా?”

“అలవాటంటే అదేగా. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసేశాను.”

“బస్టాండులో అంటించింది ఏది?”

“సరిచేసిందే.”

“ఆ ముసలావిడ మనవడి బొమ్మలో వచ్చిందా ఈ అలవాటు?”

“లేదు.”

“వాడికి ముందువాళ్ళలో?”

“లేదమ్మా. వదిలిందని చెప్పానుగా.”

“వదిలిన అలవాటు ఈ ఒక్కడి దగ్గరే ఎందుకొచ్చిందే?”

“అలసట. నువ్వే అన్నావుగా కళ్ళు గుంటలు పడ్డాయని.”

“ఆ ఫోటో చూపించు.”

“వద్దు.”

“చూపించవే.”

“వద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. దాన్లో నీకేమీ తెలియదు. వట్టి వాపు.”

“అయితే గీయి.”

“ఏం గీయను?”

“ఫోటో నువ్వు చూడు. గీత నేను చూస్తాను. తీసెయ్యకు. చెయ్యి ఎటు పోతే అటు పోనీ.”

“నా చేతికి పట్టిన తెగులమ్మా ఇది, ఎవర్ని చూసినా...”

“గీయి తల్లీ.”

“సరే, గీస్తున్నాను.”

“ముందు కనుబొమ్మ.”

“ఇదిగో, ఈ కనుబొమ్మ. చూశావా? ఇదే నేను చెప్పేది. ఇది నేను చూసి గీసింది కాదు, దానంతటది వచ్చేసింది. తీసేస్తాను.”

“ముట్టుకోకు. పైకి పో. నుదురు గీయి.”

“నుదురు పెద్దది. ముందు జుట్టు అటూ ఇటూ ఊడిపోయింది. ఇది మాత్రం అంచనా కాదు, ఫోటోలో స్పష్టంగా ఉంది.”

“మీ అన్నయ్యది ఒత్తు జుట్టు. నువ్వెప్పుడూ ఒత్తుగానే గీసేదానివి.”

“అదే! అలవాటైతే ఒత్తుగా రావాలి. రాలేదు. అంటే అన్నయ్య కాదు. కాదు కదా?”

“మీ నాన్నకి ముప్ఫై దాటగానే అలాగే పోయింది. అటూ ఇటూ. మధ్యలో మాత్రం కొంచెం మిగిలింది.”

“నాన్న సంగతి వేరు.”

“మిగిలిందా, మధ్యలో?”

“మిగిలింది.”

“గీయి.”

“అందరికీ అలాగే పోతుందమ్మా. ఎంతమంది లేరు, వీధిలో చూడు. ఇంక కళ్ళే. కళ్ళు తెరవాలి.”

“వద్దు. పడుకోనీ.”

“పడుకోనీ అంటావేంటి? తెరవకపోతే ఎవరూ గుర్తుపట్టరు. అమ్మా! ఏంటలా చూస్తావు, మాట్లాడు. ఇది నా చేతి అలవాటే కదా? వాడి మొహం ఎన్నిసార్లు గీశానో నీకు తెలుసు కదా? అలవాటే కదమ్మా? నువ్వెప్పుడూ ఇంతే, ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. ఇదీ అలాంటిదే అను. ఒక్కసారి అను. అమ్మా...”

టాబ్లెట్ తెర దానంతటదే ఆరిపోయింది. తల్లి ఆ నల్లటి అద్దాన్ని కొంగుతో మెల్లగా తుడిచింది.

“స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. రేపు పూడ్చొద్దని చెప్పు. వాళ్ళమ్మ వస్తోందని చెప్పు.”