ఒకే ఒక్క "కాదు"

జనరల్ గద్దె దిగి ఆరు నెలలైంది. జైల్లో చనిపోయిన దర్జీ పేరు రేపు బడికి పెడుతున్నారు. రిటైరైన మాస్టారు ఆ మధ్యాహ్నం దర్జీ భార్య కుట్టుకొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి ఒంటి మీది కోటు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"గుండీలన్నీ గట్టిగానే ఉన్నాయి మాస్టారూ."

"కిందది... కిందది కాస్త వదులైందేమోనని."

"లేదు. కూర్చోండి. రేపటి సభకా?"

"ఆఁ, సభకే. నన్ను మాట్లాడమన్నారు."

"మీరు కాక ఎవరు మాట్లాడతారు? ఆ రోజు బడిలో ఓట్లు లెక్కపెట్టింది మీరేగా."

"నేనే. మూడు వందల పన్నెండు కాగితాలు. చచ్చేదాకా జనరలే ఉండాలా అంటే మూడు వందల పదకొండు మంది ఔనన్నారు."

"ఒక్కరు కాదన్నారు."

"ఒక్కరు... కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?"

"ఇదిగోండి. ఇప్పుడు అందరూ మా గుమ్మానికి దండం పెట్టి పోతున్నారు. అప్పట్లో ఈ వీధిలోకి రావడమే మానేసినవాళ్ళు."

"నేనూ మానేశాను."

"మీరూ మానేశారు. పద్నాలుగేళ్ళు."

"మొహం చెల్లక, అమ్మా."

"ఎందుకు చెల్లదు? మీరేం చేశారు?"

"చెప్పాలనే వచ్చాను. ఆ కాదన్న కాగితం మీద సుద్ద మరక ఉంది. లెక్కకి కాపలా వచ్చిన కెప్టెన్ కంట్లో పడింది. ఎవరిదిది అన్నాడు. తెలీదన్నాను. మళ్ళీ అడిగాడు. తెలీదన్నాను. తుపాకీ తీసి బల్ల మీద పెట్టి..."

"పెట్టి?"

"ఈ ఊళ్ళో సుద్దతో పని ఎవరికి అన్నాడు."

"మీరేమన్నారు?"

"దర్జీకి, అన్నాను."

"ఊఁ."

"అదొక్కటే మాట. దర్జీకి. అంతే."

"అది చాలు కదా మాస్టారూ. ఆ సాయంత్రమే వచ్చారు. మెళ్ళో కొలతల టేపు ఉండగానే లాక్కుపోయారు. మూడో ఏడు పోయారని కబురొచ్చింది."

"తీసుకెళ్ళడం చూశాను. వీధి మొదట్లో నిలబడి చూశాను."

"సుద్ద బడిలో కూడా ఉంటుంది కదా."

"ఏమిటీ?"

"సుద్దముక్క. బడిలోనూ ఉంటుంది. ఆయన బట్ట మీద గీసేది నీలం సుద్ద. ఆ మరకది ఏ రంగు?"

"ఇంకొంచెం నీళ్ళు..."

"ఏ రంగు మాస్టారూ?"

"తెలుపు."

"తెలుపు."

"ఆ ఓటు నాదమ్మా. పాఠం మధ్యలో లేచి వెళ్ళి వేశాను, చెయ్యి కడుక్కోలేదు. వేసినప్పుడు నా అంతవాడు లేడనుకున్నాను. లెక్క దగ్గర కూర్చునేసరికి నోరు పెగల్లేదు. కాదు, పెగిలింది. పెగిలి మీ ఆయన్ని చూపించింది."

"కోటు నలిగిపోతోంది, అలా పిండకండి."

"రేపు సభలో ఇదే చెప్పేస్తాను. ఉమ్మేస్తే ఉమ్మెయ్యనీ. నువ్వే ముందు ఉమ్మెయ్యి."

"ఆయన ఔననే వేశారని నాకు తెలుసు."

"తెలుసా?"

"ఓటేసి వచ్చి నా మొహం చూడలేదు. కంచం ముందు కూర్చుని, ముద్దైనా ఎత్తకుండా లేచిపోయారు. ఏం వేశావు నాన్నా అని పిల్ల అడిగితే కసిరారు. అది పుట్టాక దాన్ని కసిరింది ఆ ఒక్కరోజే."

"మరి తనది కాదని చెప్పుకోవాల్సింది కదా. ఒట్టేసైనా... ఆ నీలం సుద్ద చూపించైనా..."

"నేనూ అదే అడిగాను. జైల్లో ఒక్కసారే చూడనిచ్చారు, ఇనపవల అవతల. నీది కాదని ఎందుకు చెప్పలేదయ్యా, నన్నూ పిల్లనీ ఏం చేద్దామని, అని అరిచాను."

"ఏమన్నాడు?"

"'ఊరు మొత్తం మీద ఒక్కడు ఎదురుతిరిగాడు, ఆ ఒక్కడివీ నువ్వేగా అని అడిగారే. కాదనడానికి సిగ్గేసింది' అన్నారు."