కిటికీ మూసిన పాస్టరు

సాయంత్రం. అల్బేనియాలో పెర్మెట్ అనే చిన్న ఊరు. వీధి పక్క మేడ మీద ప్రార్థన గదిలో పాస్టరు లుల్జిమ్ పెట్టె సర్దుకుంటున్నాడు. ఎదురుగా కాఫీ కొట్టు నడిపే ముసలావిడ నజీయే మెట్లెక్కి వచ్చింది.

“ఇదంతా నీ వల్లే, పాస్టరూ. నీ వల్లా, రాజధానిలో కూర్చున్న మీ సంఘం పెద్దల వల్లా. ఊరు ఊరంతా పాడుచేసి పెట్టారు.”

“మేమా? బాగుచేద్దామని వచ్చామమ్మా. అదే కుదర్లేదు. పాడుచేసేంత పలుకుబడి మాకెక్కడిది?”

“ఊరంతా సాయంత్రం షికారుకి పోయే వేళకి ప్రార్థన పెట్టమన్న మొనగాడు ఎవడు?”

“పెద్దలే. ఆ వేళకి జనం ఖాళీగా ఉంటారన్నారు.”

“ఖాళీగానా? ఇల్లు తగలబడుతున్నా సరే, ఆ వేళకి తలదువ్వుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వంతెన దాకా నడిచి రావాల్సిందే. మంటల సంగతి తర్వాత. మీ పెద్దలు ఏ దేశంలో పుట్టారు?”

“ఇక్కడే. వాళ్ళూ షికారుకే వెళ్తారు. ప్రార్థన నన్ను పెట్టుకోమన్నారు.”

“ఆ పెట్టె ఏమిటి?”

“ఏం లేదు. బట్టలు.”

“బట్టలు బీరువాలో ఉంటాయి.”

“బస్సెక్కి వెళ్ళిపోతున్నానమ్మా. ఇక రాను. ఇన్నేళ్ళ సేవకి మిగిలింది రుస్తెం తాత ఒక్కడు. ఆయనకి రెండు చెవులూ వినబడవు. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని వస్తాడు. నిన్న ఎండ కాసింది, ఆయనా రాలేదు. ఖాళీ బెంచీలకి తప్పిపోయిన కొడుకు కథ చెప్పలేక మధ్యలో ఆపి కిటికీ మూసేశాను.”

“అదే. అదడగడానికే వచ్చా. ఎందుకు మూశావు?”

“గోల చేస్తున్నానని మీ కోపం కదా?”

“కోపమే. మూసినందుకు.”

“ఏమిటీ?”

“నీ కిటికీ కిందకి వచ్చేసరికి జనం మెల్లగా నడుస్తారు, చూళ్ళేదూ?”

“రోడ్డు మీద గుంటలున్నాయి కదా, అందుకేమో అనుకున్నా.”

“గుంటలు ఎప్పుడో పూడ్చారు. ఆగి విందామంటే, షికారులో ఆగితే పరువు తక్కువ. అందుకని నడుస్తూనే వింటాం. వంతెన దాకా పోయి వచ్చేసరికి కథ ఎక్కడికో పోతుంది. సెలూన్ వాళ్ళకి, చిన్నకొడుకు వాటా పుచ్చుకుని వెళ్ళాడన్నంత వరకే తెలుసు. వాణ్ణి తెగ మెచ్చుకుంటున్నారు. మాంసం కొట్టు వాళ్ళు అది పందుల వ్యాపారం కథంటారు. పంతులమ్మకి కరువన్న ముక్కొక్కటే వినబడింది. పోయి బస్తాలకి బస్తాలు పిండి కొంది.”

“దేవుడా.”

“నిన్న ఆ కుర్రాడు ఇంటికి బయల్దేరాడన్నావు. నాన్న దూరాన్నుంచి చూశాడన్నావు. చూసి? ధడేలున కిటికీ. ముందువాళ్ళు ఆగిపోయారు, వెనకవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. నాన్న కర్ర తీశాడని ఒకడు, తలుపేశాడని ఒకడు. ఆ వాదనలో నా కొట్లో కప్పులు పగిలాయి.”

“ఒక్కళ్ళయినా లోపలికి రావచ్చుగా?”

“వస్తే మతం మారామంటారు. మారకపోతే నువ్వు బాధపడతావు. ఎందుకొచ్చిన గొడవ.”

“ఊరంతా సువార్త పుస్తకాలు పంచాను. కథ అందులోనే ఉంది.”

“నాది బల్ల కాలికింద పెట్టా. తీస్తే బల్ల ఊగుతుంది.”

“సరే, నేను వెళ్ళాలి. బస్సు వేళయింది.”

“డ్రైవరు కిందే ఉన్నాడు. ఆ నాన్న ఏమన్నాడో తెలిసేదాకా బండి తియ్యడట.”

“మీకెందుకమ్మా ఇంత పట్టుదల?”

“నాకేం. నేను ఊరికే.”

“నజీయే అమ్మా.”

“ఊరికేనన్నానా. మా తమ్ముడు సెఫెర్ లేడూ. మా నాన్న పోయాక కాఫీ మిషను ఎవరిదన్న దగ్గర నాతో గొడవపడి వెళ్ళిపోయాడు. పొమ్మన్నది నేనే. అప్పట్నుంచీ నా మొహం కనబడకూడదని షికారులో అవతలి గోడ వారగా నడుస్తాడు.”

“అవతలి గోడంటే మాదే కదా.”

“నీ కిటికీ కిందే. అందుకే ఊళ్ళో అందరికంటే వాడికే ఎక్కువ వినబడింది.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“రోడ్డు దాటి నా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. కుర్చీ వేశాను, కూర్చోడు. ఆ నాన్న ఏమన్నాడో విన్నాకే కూర్చోవడమో, పోవడమో అంటున్నాడు. పెట్టె కింద పెట్టు. కిటికీ తెరువు. గట్టిగా చెప్పు.”