చంద్రుడికి ఇప్పించిన మినహాయింపు

టీకొట్టు బల్ల మీద పర్మిషన్ల బాబాయ్ చేరాడంటే ఇక తను లేవడు, ఇంకొకర్ని లేవనివ్వడు. మిషను కుట్టుకునే అమ్మాయి ఆయన్ని ఒక్క మాట అడుగుదామని వచ్చి అరగంటైంది, సందు దొరికితేగా. ఆమె కొట్టు రోడ్డుకి వదలాల్సిన జాగాలోకి మూరెడు ముందుకొచ్చింది. రేపు మున్సిపాలిటీ కమిటీ మినహాయింపు ఇస్తే సరి, లేదంటే ముందుగోడ కొట్టేస్తారు. గోడ పోతే మిషనూ రోడ్డు మీదే, ఆమె బతుకూ రోడ్డు మీదే.

"బాబాయ్, రేపు నా కొట్టు..."

"ఆగమ్మా, నీదీ ఒక పనేనా. మా తోడల్లుడి మెట్లు సందులోకి జానెడొచ్చాయని నోటీసిస్తే నేనెళ్లి ఒక్క దగ్గు దగ్గాను, అంతే, మినహాయింపు చేతిలో పెట్టి పంపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరు నన్ను వదిలితేనా. 'అయ్యా, ఊరి బయట కొండకి ఎత్తు ఎక్కువైంది, ఏం చెయ్యమంటారు?' అన్నాడు. పాపం పాత కట్టడం, పోనీలే అన్నాను."

"కొండకా?" టీకొట్టాయన వడపోత ఆపాడు.

"కొండ దాకా ఎందుకయ్యా, ఏరు సంగతి చూడు. అటూ ఇటూ అంగుళం వదలకుండా గట్లని ఆనుకుని పారుతోంది. రూలు ప్రకారం పూడ్చెయ్యాలి. అది దాని పుట్టుకే అంత, కావాలని చేసుకున్నది కాదు అని వాదించి నెగ్గించాను. అసలు కేసు వినండి మరి. చంద్రుడు. అంత కట్టడానికి కింద పిల్లర్ లేదు, ప్లాను లేదు. కమిటీ అంతా కూల్చెయ్యాల్సిందేనని కూర్చుంది. నెలకో రోజు పూర్తిగా మూసుకుంటాడని నేను హామీ ఇచ్చి బయటపడేశాను. అమావాస్య మరెందుకొస్తోందనుకున్నారు?"

"అంతకుముందు వచ్చేది కాదా?" అన్నాడు రంగులేసే అతను.

"వచ్చేది. పర్మిషన్ లేకుండా వచ్చేది."

బల్లంతా పగలబడి నవ్వింది. కుట్టు అమ్మాయికి మాత్రం ఒళ్లు మండింది.

"కమిటీవాళ్లు మా చుట్టుపక్కల వాళ్లందర్నీ అడిగారు బాబాయ్, ఈ కొట్టుతో మీకేమైనా ఇబ్బందా అని. ఒక్కరు తప్ప అందరూ లేదన్నారట. ఆ ఒక్కరూ సరేనంటే ఇచ్చేస్తామని పొద్దున్న ఆఫీసులో చెప్పారు."

"ఎవడమ్మా వాడు? చెప్పు, వాడి సంగతి నేను తేలుస్తాను."

"మీరే బాబాయ్. మా గోడ వల్ల మీ అరుగు మీదికి ఎండ రావడం లేదన్నారట."

బాబాయ్‌కి గుక్కెడు టీ అడ్డం పడింది. ఎవరూ వీపు తట్టలేదు.

"పదండి," అందామె, "ఆఫీసు ఇంకా తెరిచే ఉంది."