ఏడుజడల అవ్వ అడిగిన మాట

పేట సినిమా హాల్లో ‘ఏడుజడల అవ్వ’ రంగుల బొమ్మ పడిందని తెలిసిన దగ్గర్నుంచీ పర్చూరు రోడ్డు మీద నసీమున్నీసా టీ కొట్టులో మరో మాట లేదు. బొమ్మగా తీసింది, అట్ట ఊడిపోయినా పారెయ్యకుండా మా ఊరి పిల్లలంతా చదివి పెరిగిన పుస్తకాన్ని. పడుకోమంటే పడుకోని పిల్లల్ని జడలతో చుట్టి ఎత్తుకుపోయే ముసలి రాక్షసి, దాని గుహలోకి తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన చిట్టి. ఇంకా మాలో చాలామందిమి బొమ్మ చూడలేదు గానీ, చూసొచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. పుస్తకంలో అంత భయం లేదని ఒకరు, పుస్తకమే నయమని ఒకరు, పిల్లల్ని తీసుకెళ్ళొద్దని ఇంకొకరు.

ఆ చివరి మాట పట్టుకుని సతమతమవుతున్నది ఇమ్మానియేలు. పత్తి మిల్లులో పని చేస్తాడు. కూతురికి ఆ పుస్తకమంటే ప్రాణం, కానీ పిల్లి దూకినా జడుసుకునే పిల్ల. రేపు తీసుకెళ్తానని మాటిచ్చేశాడు. అందుకని ఆ సాయంత్రం, ముందురోజే బొమ్మ చూసొచ్చిన చెంచయ్యను అడిగాడు, పిల్ల తట్టుకోగలదా అని. చెంచయ్య మిరప రైతు. నోరు తెరిస్తే మూసేది ఉండదు. గ్లాసు బెంచీ మీద పెట్టి మొదలెట్టాడు.

“తట్టుకోవడం సంగతి తర్వాత, ముందు నేనెట్టా తట్టుకున్నానో విను. నేను కూర్చుంది ముందు వరసలో, తెరకీ నాకూ మధ్య ఈగ పట్టదు. లైట్లు ఆరిపోయాయి. గుహ చూపించారు. చీకటి గుహ, లోపల్నుంచి గాలి వస్తున్న చప్పుడు, అంతే, నా చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం రెప్ప వెయ్యలేదు. ఏం నవ్వుతావురా అంకమ్మరావూ, కళ్ళలో నీళ్ళు కారినా వెయ్యలేదు. సరే, అవ్వ కనపడింది. కనపడగానే జనం లేచి గేటు మీద పడ్డారు, చెప్పులు వదిలేసి పోయినవాళ్ళున్నారు, కట్టుకున్న పెళ్ళాన్ని వదిలేసి పోయినవాడూ ఉన్నాడు. హాలు మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

గ్లాసుల్లో టీ చల్లారిపోతోంది. ఎవరూ తాగడం లేదు.

“తెర కింద అంచు లేచింది. గాలికనుకున్నా. గాలి కాదు, జడ. నల్లగా, నూనె కారుతూ, నా మణికట్టంత లావున నేల మీద పాకుతా వచ్చి బెంచీల కింద దూరింది. దూరి, ఒక్కో బెంచీ కిందా ఆగి, కాళ్ళున్నాయేమోనని తడుముతా వస్తోంది.”

మా బెంచీ మీద నలుగురం ఉన్నాం. నలుగురం కాళ్ళు పైకి పెట్టుకున్నాం. అంకమ్మరావు నవ్వుతూనే పెట్టుకున్నాడు.

“దాని వెనక ఇంకో జడ, దాని వెనక ఇంకోటి, ఏడూ వచ్చాక, అవ్వే తెర పక్కకి తప్పించుకుని, మన నసీమమ్మ ఈ గోనెపట్టా తప్పించుకుని వచ్చినంత తేలిగ్గా దిగొచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్ళు బావిలో నాచు వాసన. నావైపు చూడకుండానే, గేటు దగ్గర నక్కి ఉన్న గేటు మనిషిని జడతో లాక్కొచ్చి, ‘బొమ్మలో నేనెట్టా ఉన్నాను?’ అనడిగింది. వాడు వణుకుతా, బాగున్నావన్నాడు. ‘అబద్ధం’ అని వాణ్ణి ఫ్యానుకి వేలాడదీసింది. పైనుంచి ఆపరేటర్ని లాక్కొచ్చింది. వాడు తెలివిగలవాడు, బాగాలేదన్నాడు. ‘అంత మాటంటావా’ అని రెండో ఫ్యానుకి వేలాడదీసింది. సోడాలమ్మేవాడు, అమ్మా నేను బొమ్మ చూళ్ళేదన్నాడు. ‘నా బొమ్మ చూడకపోవడానికి నీకేమొచ్చింది’ అని మూడోదానికి. బాగుందన్నా చావే, లేదన్నా చావే, చూళ్ళేదన్నా చావే. ఇక నావైపు తిరిగింది. జడ నా మెడ చుట్టూ ఒక చుట్టు చుట్టింది. చల్లగా ఉందిరా ఇమ్మానియేలూ. శవం చెయ్యిలా చల్లగా ఉంది.”

ఇమ్మానియేలు చెయ్యి తెలియకుండానే మెడ మీదికి పోయింది. రోడ్డు మీద ఎర్ర బస్సు హారన్ కొడితే ఉలిక్కిపడ్డాం.

“అప్పుడు నేనన్నాను గదా, ‘అవ్వా, బొమ్మ సంగతి వదిలెయ్, పుస్తకంలో నిన్ను తలుచుకుని నేను చిన్నప్పుడు దుప్పట్లో ఎంత వణికానో, అంతా ఈ తెర మీద ఎక్కడొచ్చిద్ది’ అన్నాను. అంతే, అవ్వ మొహం చేటంత అయింది, ఏడుపందుకుంది, ఆ కన్నీళ్ళకి హాల్లో బెంచీలు తేలాయి. తేలే బెంచీ మీద కూర్చునే నేను గేటు దాటాను. అవ్వ నన్ను వదల్లేదు, నీ వెంటే వస్తానంది, ఈ ఊళ్ళో పడుకోని పిల్లలెందరున్నారో చూపించమంది. మరి చూపిస్తానా? పిల్లల జోలికి రానిస్తానా? ఇటు కాదవ్వా అటని, తిన్నగా మా మిరప కల్లంలోకి నడిపించుకుపోయాను. ఎర్రగా పరిచిన కాయలు చూసి, పట్టు చీర ఆరేశారనుకుని మొహానికి అద్దుకుంది. ఇంకేముంది, తుమ్ము. మొదటి తుమ్ముకి మిల్లులో పత్తి బేళ్ళు పగిలి ఆకాశంలోకి లేచాయి, రెండో తుమ్ముకి అమరావతి దగ్గర కృష్ణ వెనక్కి జరిగి మళ్ళీ వచ్చింది, మూడో తుమ్ముకి చీమకుర్తి కొండ నిలువునా చీలింది. అక్కడ రాయి తీస్తున్నారంటే వాళ్ళు పేల్చిందనుకుంటున్నారా? నాలుగో తుమ్ముకి ఊపిరాడక అవ్వ కూలబడితే, ఏడు జడలూ కలిపి మోకులా పేని, బండికి కట్టి, ఈడ్చుకుపోయి తెరలోకి తోసి, తెర నేనే కుట్టాను. కుట్టేటప్పుడు లోపల్నుంచి అడుగుతానే ఉంది, ‘చెంచయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తావు?’ అని.”

అక్కడ ఆగాడు. ఆ చివరి మాట గొంతు తగ్గించి చెప్పాడు. కోతలని తెలిసీ మాలో ఎవరం కాళ్ళు కిందికి దించలేదు. ఇమ్మానియేలు లేచాడు, అయితే పిల్లకి ఏదో ఒకటి చెప్పి మానిపిస్తానన్నాడు. మాటిచ్చి తప్పాల్సి వస్తోందన్న బాధ అతని మొహంలో కనపడుతోంది.

అప్పటిదాకా టీ వడకడుతూ వింటున్న నసీమున్నీసా గిన్నె దించింది.

“చెంచయ్యన్నా, నిన్న మ్యాట్నీకి నేనూ పిల్లలూ కూడా వచ్చాం. మీ వెనక బెంచీలోనే కూర్చున్నాం. గుహ రాగానే మీరు తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు. వదిన మీ చెయ్యి పట్టుకుని, తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెబుతోంది. అవ్వ వచ్చేసరికి అదీ చెప్పొద్దన్నారు. ఇంటర్వెల్‌కి లేచి ఇద్దరూ వెళ్ళిపోయారు.”

చెంచయ్య భుజాన ఉన్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంకమ్మరావు నవ్వబోయి, చెంచయ్య మొహం చూసి మానుకున్నాడు.

నసీమున్నీసా ఇమ్మానియేలు వైపు తిరిగి, పిల్లని తీసుకెళ్ళమంది. భయం మాత్రం వేసిద్దని, తన చిన్నవాడు కొంగులో దూరాడని చెప్పింది. కానీ చివర్లో వాడే అవ్వ కోసం వెక్కి వెక్కి ఏడ్చాడట.

“అవ్వ కోసం ఏడవడమేంటి?” చెంచయ్య మెల్లగా అడిగాడు. “చిట్టిని తినెయ్యదా? చివరికేమైద్ది?”

ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన కథ అది. చెంచయ్య ఇన్నేళ్ళలో పుస్తకంలో కూడా ఒక్కసారీ ఆ గుహ దాటి ముందుకు వెళ్ళలేదని మాకు అప్పుడు అర్థమైంది. ఆ చివరేంటో మాత్రం మేమెవరం అతనికి చెప్పలేదు.

ఇమ్మానియేలు మళ్ళీ కూర్చున్నాడు.

“రేపు మాతో రా బాబాయ్,” అన్నాడు. “మా అమ్మాయి పక్కన కూర్చో. అదీ మధ్యమధ్యలో కళ్ళు మూసుకునేదే. ఒకళ్ళు మూసుకున్నప్పుడు ఇంకొకళ్ళు చూసి చెప్పండి.”

చెంచయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ముందు ఎవరు మూసుకోవాలి?” అనడిగాడు.