కదలని కొండ

వెల్దుర్తి బడి వరండాలో టీచర్ ఎదుట నిలబడిందే గానీ, ఆ తల్లి కళ్ళు తరగతి గదిలో ఉన్న కూతురి మీదే ఉన్నాయి.

“మా జెబా పేరు కొట్టేయండి మేడమ్. ఆ కళ్ళజోడు ఆట దానికొద్దు.”

“గ్రహాల పాఠానికి పెట్టిన వీఆర్ ఆటా? ఎందుకమ్మా?”

“బస్సెక్కితే మాచర్ల చేరేలోపే వాంతి చేసుకునే పిల్ల. అది పెట్టుకుంటే లోకమంతా గిర్రున తిరిగిద్దంట గదా!”

“నిన్ననే పెట్టుకుంది. శనిగ్రహం దాకా పోయొచ్చింది.”

“యా అల్లా! పడిపోయిందా?”

“పడబోయింది మగపిల్లలు. శని చుట్టూ తిరిగే రాళ్ళ మధ్యకు పోగానే కళ్ళు తిరుగుతున్నాయని ఒకటే గోల. ‘పక్కన పోయే రాళ్ళు చూడబాకండ్రా, దూరంగా సూర్యుణ్ణి చూడండి, కదలడు’ అని మీ అమ్మాయే నిలబెట్టింది వాళ్ళను.”

“ఆ మాట...”

“ఎవరు నేర్పారంటే ‘మా అమ్మీ’ అంది. బస్సులో చెట్లను చూడొద్దు, దూరంగా కొండను చూడమంటారంట గదా మీరు.”

ఆమె కొంగు సర్దుకుంది.

“ఏడో తరగతితో మానేసినదాన్ని మేడమ్. నాకేం తెలుసు!”

“మీ కొండతోనే క్లాసుకంతా దూరాల పాఠం చెప్పాను. నరసరావుపేట సైన్స్ ప్రదర్శనలో ఆ ఆట చూపించడానికి జెబానే పంపుదామనుకున్నా. మీరేమో పేరు కొట్టేయమంటున్నారు. పైగా అంతదూరం బస్సు.”

“శని దాకా పోయొచ్చిన పిల్లకు నరసరావుపేట ఏంది మేడమ్! కొట్టేయబాకండి.”

మెట్ల దాకా పోయి, ఆమె మళ్ళీ వెనక్కి వచ్చింది.

“కిటికీ సీటు మాత్రం ఇప్పించండి. దానికి కొండ కనపడాల.”