భీమిలికి రసాల గంప

ఇదేనా నీ కొత్త సైకిలు? ఏదీ, ఇటు తిప్పు. అబ్బో, ఒక్క చేత్తో లేస్తోందే! కేరియర్ లేదేంటి మరి, సామాను ఎక్కడ పెట్టుకుంటావు, వీపు మీదా? సరే, ఎక్కడికి ప్రయాణం అన్నావ్... విశాఖపట్నం నుంచి భీమిలి, అక్కణ్ణుంచి కొండలెక్కి అరకా? అయితే కూర్చో కృష్ణకాంతూ. భీమిలి అన్నాక కూర్చోబెట్టకుండా ఎలా పంపిస్తాను! మీ సైకిలు క్లబ్బు వాళ్ళందరికంటే ముందు ఆ రోడ్డు మీద సైకిలు తొక్కిన మొనగాడు మన ముసునూరు వాడే. సలోమోను. నువ్వు పుట్టకముందే పోయాడులే, నీకు తెలీదు. ఎనిమిదో తరగతి దాకా నాతో చదివాడు, ఇద్దరం కలిసే ఫెయిలయ్యాం. మా తోట పక్కనే వాళ్ళకి మూడెకరాల రసాల తోట. సైకిలు మాత్రం నాది. నేను వెళ్ళలేదు, నా సైకిలు వెళ్ళింది. కానీ వాడి నోట ఆ సంగతి ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పటికీ చెబుతుంటే నా పిక్కలు లాగేస్తాయి.

డెబ్బై నాలుగు మే నెల అది. రైళ్ళ సమ్మె. ఎక్కడి రైళ్ళు అక్కడ నిలబడిపోయాయి. సరిగ్గా అప్పుడే వీడికి పెళ్ళి గొడవ వచ్చిపడింది. అంతకుముందు క్రిస్మస్‌కి జి. కొండూరు చర్చిలో ఒకమ్మాయి పాట పాడింది. మగ్దలేనమ్మ. భీమిలి నుంచి మేనత్త ఇంటికి వచ్చిందిలే. పాట అయిపోయింది, జనం కూర్చున్నారు, మనవాడు మాత్రం నిలబడే ఉన్నాడు. వెనకవాళ్ళు చొక్కా పట్టుకుని లాగాల్సొచ్చింది. ఆ మేనత్తే జాలిపడి భీమిలికి ఉత్తరం రాసింది. అమ్మాయి తండ్రి జేమ్స్ మాస్టారు, అక్కడ బళ్ళో హెడ్మాస్టరు. ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు. 'తోటలవాళ్ళకి ఏడాదికి రెండు నెలలే పని అని విన్నాను. అయినను నీ మాట కాదనలేక ఈ ఆదివారం ఆరాధన పిమ్మట కుర్రవాణ్ణి చూచెదను. రాని పక్షమున ఇక్కడి గుమాస్తా సంబంధం ఖాయపరచెదను.' చూచెదనట, ఖాయపరచెదనట! ఉత్తరం చేతికొచ్చేసరికి మంగళవారం సాయంత్రం.

బస్సులో పోవచ్చుగా అంటావు. పోవచ్చు. ఆ రాత్రే నూజివీడులో బస్సు దొరికింది కూడా. రైలు జనమంతా బస్సుల మీద పడ్డారేమో, టాపు మీద కూడా మనుషులే. కండక్టరు 'నువ్వెక్కు, గంప దించు' అన్నాడు. మనవాడు 'గంపనెక్కించు, నేను దిగుతా' అన్నాడు. గంపలో ఏముంటాయి? చిన్న రసాలు, అరవై కాయలు. నూజివీడు నుంచి రసాలు లేకుండా పిల్లనడగడానికి వెళ్తే మన పరువేం కావాలి? ఇంకేముంది, బుధవారం తెల్లారుజామునే మా ఇంటికొచ్చి 'ఒరే కోటేశ్వర్రావ్, సైకిలివ్వరా, పక్క ఊరి దాకా వెళ్ళొస్తా' అన్నాడు. పక్క ఊరట! మూడొందల చిల్లర కిలోమీటర్లు! నేనూ తక్కువవాణ్ణి కాదులే, వెనక బ్రేకు లేదన్న సంగతి నేనూ చెప్పలేదు.

ఇక్కడ వాడు వేసిన లెక్క విను. పక్వానికొచ్చిన కాయని గడ్డిలో పెడితే అయిదో రోజుకి పండుతుంది. మంగళవారం రాత్రి కట్టింది ఆదివారానికి సరిగ్గా మాస్టారి పళ్ళెంలో పండాలి. లెక్కలో తప్పు లేదు, ఇంట్లో చీకటి కొట్టులో పెడితే. వీడేం చేశాడు, దారిలో దుమ్ము పడుతుందని గంప మీద నల్ల టార్పాలిన్ బిగించి కట్టాడు. మే నెల ఎండ, నల్ల టార్పాలిన్! పొయ్యి మీద పెట్టినా అంత తొందరగా మగ్గవు. మొదటి రోజు కొవ్వూరు. అప్పటికింకా గోదారి మీద రోడ్డు బ్రిడ్జి లేదు, లాంచీలో దాటాలి. లాంచీవాడు ముక్కు ఎగబీల్చి 'పళ్ళా?' అన్నాడట. 'కాయలు' అన్నాడు వీడు. గురువారం అన్నవరం చేరేసరికి వాడికే అనుమానమొచ్చింది. శుక్రవారం అనకాపల్లిలో కేరియర్ మీంచి రసం కారుతోంది. శనివారం విశాఖపట్నం. అప్పటికి వీడి వెనక తేనెటీగల దండు!

ఇక ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డు ఎక్కాడు. నువ్వు ఇప్పుడు వెళ్ళేది నున్నటి రోడ్డు. అప్పుడు అన్నీ గుంటలే. ఒక పక్క కొండలు, ఇంకో పక్క నల్లరాళ్ళ మీద విరుచుకుపడే సముద్రం, మధ్యలో ఎక్కుడూ దిగుడూ. దిగుడులో వీడు తేనెటీగల్ని దాటేసేవాడు. ఎక్కుడులో అవి వీణ్ణి అందుకునేవి. దిగుడులో వెనక బ్రేకు లేక చెప్పు టైరుకి ఆనించీ ఆనించీ కుడికాలి చెప్పు చీలికలైపోయింది. నన్ను ఎన్ని తిట్లు తిట్టాడో సముద్రానికే తెలుసు. భీమిలి ఇంకాస్త దూరం ఉందనగా ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి గంప విప్పి చూశాడు. పై వరస పులిసిపోయింది. కింద వరస మెత్తగా ముద్దలా ఉంది. అక్కడే కూలబడ్డాడు పాపం. నాలుగు రోజులు తొక్కి, ఆ అమ్మాయి ముందు పెట్టబోయేది ఇదా అని. సముద్రంలో పారేసి వెనక్కి తిరుగుదామనుకున్నాడు. చేతులు రాలేదు. తోటవాడు కదా. మళ్ళీ కట్టుకుని ఎక్కాడు.

చర్చి వదిలారు. జనం బయటికొస్తున్నారు. వీడు వెళ్ళి సరాసరి గుమ్మం ముందు ఆగాడు. చొక్కానిండా పులిసిన రసం, కళ్ళు ఎర్రగా, కాలికి ఒకటే చెప్పు. జేమ్స్ మాస్టారు చేతికర్ర ఎత్తి 'ఏమయ్యా! ఆదివారం పూట తాగి దేవుడి గుమ్మంలోకి వస్తావా?' అన్నాడు. వీడు కంగారులో 'తాగలేదండీ, నేను పెళ్ళికొడుకునండీ' అనేశాడు. నవ్వకు, నవ్వకు, వాడి అవస్థ ఆలోచించు! అంతలో మగ్దలేనమ్మ జనంలోంచి వచ్చింది. గంప మీద గడ్డి పక్కకి తీసి, వేలు పెట్టి, నాలిక్కి రాసుకుంది. 'నాన్నగారూ, మనిషి తాగలేదు, గంప తాగింది' అంది.

మాస్టారు చండశాసనుడే గానీ, మెతుకు కింద పడితే ఏరుకునే రకం. అడుగున ఉన్నవి చెడలేదని చూసి 'దేవుడిచ్చిన ఫలం పారబొయ్యడానికి వీల్లేదు' అన్నాడు. వీడు సందు దొరికింది గదా అని 'తాండ్ర పోస్తానండీ' అన్నాడు. 'ఎన్నాళ్ళు పడుతుంది?' 'మా వైపు అయిదారు రోజులండీ.' 'మంచిది. అది ఎండగానే నువ్వు బయల్దేరు. గుమాస్తా వాళ్ళని ఆ తర్వాతే పిలుస్తాను. ఒక పెళ్ళికొడుకు అరుగు మీద ఉండగా ఇంకొకణ్ణి పిలవడం మర్యాద కాదు.' అంటే అర్థమైందిగా? తాండ్ర ఎండిన రోజు వీడి పని సరి.

రసం తీసి, బెల్లం వేసి ఉడికించి, బడి ఆవరణలో తాటాకు చాప మీద రోజుకో పూత. పక్కన వీడు కాకుల్ని తోలుతూ కాపలా. అయిదు రోజులైంది, ముట్టుకుంటే జిగురు. వారమైంది, జిగురే. పోనీ వీడేమన్నా మోసం చేస్తున్నాడా అంటే, లేదు. పనిలో మోసం రాదు వాడికి. పైగా సిగ్గుతో చచ్చిపోతున్నాడు, నూజివీడు వైపు వాడయ్యుండి తాండ్ర ఎండబెట్టలేకపోయాడేంటని. 'సముద్రపు గాలండీ, తేమండీ' అని రోజూ మాస్టారికి సంజాయిషీ. ఖాళీగా ఉండలేక బడి బెంచీలన్నీ బాగుచేశాడు. మాస్టారు కూడా ఊరికే ఉండలేక సాయంత్రం పూట వీడికి ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పడం మొదలెట్టాడు. ఇరవై నాలుగేళ్ళ పెళ్ళికొడుక్కి! లెక్క తప్పితే చెవి కూడా మెలిపెట్టేవాడట.

పదకొండో రోజు పొద్దున్నే మాస్టారు రెండు గ్లాసుల కాఫీ తెచ్చి వీడి పక్కన కూర్చున్నాడు. చాప మీద వేలు ఆనించి చూశాడు. 'అబ్బాయ్, ఇది ఎండదు' అన్నాడు. 'ఎండుతుందండీ, ఇంకొక్క రెండ్రోజులు ఓపిక పట్టండి' అని బతిమాలాడు మనవాడు. 'ఎండదని చెప్తున్నానుగా. తెల్లారకుండా మా అమ్మాయి లేచి చెంబుతో నీళ్ళు చల్లుతోంది. ఇవాళ నా కంటబడింది. ఎన్నాళ్ళనుంచమ్మా అంటే, మొదటి రోజునుంచీ నాన్నగారూ అంది. కాఫీ తాగు. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళొద్దాం.'

ఇదుగో, వాడు ఎప్పుడు చెప్పినా ఇక్కడ ఆగిపోయేవాడు. మగ్దలేనమ్మ లోపల్నుంచి 'ఇక చాల్లెండి' అనేది. ఇరవై ఏళ్ళు విన్నాను ఆ 'చాల్లెండి'ని...

ఆఁ? ఎలా పోయాడా? అది ఇవాళ వద్దులే.

అదేంట్రా, అంత ఖరీదైన సైకిల్ని ఎండలో పెట్టావు? నీడకి లాగు, నీడకి లాగు.