మార్తమ్మ పెట్టిన రూలు

హలో… ఓబళప్పా, ఆ, నేనే, కాడుగోడి నర్సరీ స్కూలు నుంచి. అరగంట ముందు చేసినా కదా… జెస్సీ మేడ మీద నుంచి మీ అంగట్లోకి దిగిందా?… రానీ, రానీ. పట్టుకోనే ఉంటా.

…

జెస్సీ పాపా?… నేను, వెంకటలక్ష్మిని. మీ అమ్మ స్కూల్లో ఆయాని…

ఆ, బాగుండా. కాదు… బాగలేను పాపా. కూర్చో ముందు. ఆ అంగట్లో స్టూలేమన్నా ఉండాదా?… సరే, నిలబడే విను.

మీ అమ్మ పోయింది.

…ఈ పొద్దే. తెల్లారి ఆరుకి బడిలో ఆయమ్మ రూముకి కాఫీ తీసుకోని పోతి. కుర్చీలోనే ఉండాది. కళ్ళద్దాలు పెట్టుకోని, ఒళ్ళో పిల్లోళ్ళు బొమ్మలేసిన నోటుబుక్కు పెట్టుకోని… పిలిస్తి. పలకలే. మళ్ళా పిలిస్తి.

…

పాపా? ఉండావా?…

డాక్టరు వచ్చి చూసిపాయ. గుండె అన్నాడు. బాధ పడలేదంట… ఏమో, వాళ్ళట్లే చెప్తారు. చూసినోళ్ళు ఎవరు?

ఎందుకు చేసినానంటే, నువ్వు రావల్ల. నాలుగ్గంటల లోపల రావల్ల…

లేదు, పూడ్చేది లేదు. ఒళ్ళు మెడికల్ కాలేజీకి రాసిచ్చింది కదా ఆయమ్మ, పదేండ్ల కిందటే. "నా వయసంతా కప్పల్ని కోసి నేర్చుకున్నా లక్ష్మీ, నన్ను కోసి ఎవరన్నా నేర్చుకోనీ" అనేది. పైగా నవ్వేది. నేను చెవులు మూసుకుంటాంటి… ఆ, కాలేజీ బండి నాలుగింటికి వస్తాది. కన్నబిడ్డ సంతకం పెడితేనే తీసుకుపోతారంట…

ఫాక్సా? అదేందో నాకు తెలీదు. ఒట్టి సంతకమే అయితే కాగితమిచ్చి ఎవర్నో ఒకర్ని దేవనహళ్ళికి నీ కాడికి పంపిచ్చేదాన్ని. సంతకం కోసమే కాదు పాపా.

…తెలుసు. తొమ్మిదేండ్లాయ, నువ్వు ఈ గడప తొక్కి. నాకు తెలీదా? ప్రతి క్రిస్మస్‌కీ నీకని కేకు ముక్క కోసి పక్కన పెట్టేది. మూడోనాడు, ఎండిపోయినాక, పారెయ్యలేక నేను తింటాంటి.

ఇంకోటి చెప్పల్ల. నేనొక తప్పు చేసినా. నీకు తప్ప ఎవురికి చెప్పుకునేది?

తొమ్మిదికి పిల్లోళ్ళు వచ్చేసినారు. ఇరవై ఆరు మంది. ఏ ఇంటికని పరిగెత్తి వద్దని చెప్పేది?… ఆయమ్మ రూము తలుపు తీసే ఉండాది. "మార్తమ్మ ఏం చేస్తాండాది?" అని అడిగినారు. నేను…

నిద్రపోతాండాది అంటి.

…ఆ. నేనే. ఇరవై రెండేండ్లు ఆయమ్మ కింద పని చేసి. ఆయమ్మ పెట్టిన రూలేంది? కుందేలు పిల్ల పోయినా, సీసాలో తోకకప్ప పోయినా దాచకూడదు. సద్దు లేకుండా ఇంకోటి తెచ్చి పెట్టకూడదు. పళ్ళెంలో పెట్టి అందరికీ చూపియ్యల్ల. ముట్టుకోనియ్యల్ల. ఎన్ని మాట్లు అడిగితే అన్ని మాట్లు జవాబు చెప్పల్ల. చచ్చిపోయింది అనే మాటే అనల్ల, ఊరికి పోయింది, నిద్రపోయింది అనకూడదు. నేను చేరిన కొత్తలో చిలక చస్తే ఎగిరిపోయిందని చెప్తి. అబ్బా, ఎన్ని మాటలన్నది! మూడు దినాలు నా మొగం చూడలే.

అట్లాంటి మనిషి దగ్గర పని నేర్చుకుని… ఆయమ్మ విషయంలోనే నాకు నోరు రాలే పాపా.

ఇప్పుడు వాళ్ళేం చేస్తాండారో తెలుసా? బూట్లన్నీ ఇడిసిపెట్టి ఒట్టి కాళ్ళతో నడుస్తాండారు. మార్తమ్మకి నిద్ర చెడుతుందని. ఇరవై ఆరు మందీ గుసగుసలే. ఒక పిల్ల పడి మోకాలు గీసుకుంది… నోట్లో గుడ్డ పెట్టుకోని ఏడ్చిందమ్మా, సప్పుడు రాకుండా! నేను చూడలేకపోతి. దానికే ఫోన్ కాడికి వచ్చేస్తి.

…

కోప్పడు. నువ్వు కోప్పడొచ్చు. "ఊరందరి పిల్లలకీ నిజం చెప్తావు, నాకు తప్ప" అని, ఇల్లు ఇడిసి పోయిన పొద్దు నువ్వు మెట్ల మీద నిలబడి అంటివి కదా? నేను లోపల బియ్యం ఏరతాంటి. అంతా వింటి.

మీ నాయన జ్వరంతో పోయినప్పుడు నీకు ఐదేండ్లంట. కప్పల కోసం అడివికి పోయినాడు, వానలు నిలిస్తే వస్తాడని మీ అమ్మ చెప్పిందంట నీకు. ఆయన్ని తీసుకుపోయేటప్పుడు నిన్ను పక్కింట్లో ఉంచిందంట. నువ్వు దినామూ గేటు కాడ కూర్చుంటాంటివంట… ఎనిమిది నెలలు. బడిలో ఎవురో పిల్ల చెప్పేదాకా.

…నాకెట్ల తెలుసంటే, ఆయమ్మే చెప్పింది. పోయిన వానాకాలంలో. కప్ప గుడ్డులో ఏ దినం గుండె కొట్టుకునేది మొదలుపెడతాదో కనిపెట్టి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఆయమ్మ చదివిన కాలేజీలో ఆడోళ్ళకి ల్యాబు బీగం చెవి కూడా ఇయ్యలేదంట, మెట్ల కింద బల్ల వేసుకోని చేసింది. "అంత చదువు చదివి, నా బిడ్డ ముందర ఒక్క మాటకి నోరు రాలే లక్ష్మీ" అనింది. పెద్ద ఉద్యోగం ఇడిసిపెట్టి ఈ చిన్నపిల్లల బడి పెట్టింది దానికే. ఆ రూలు నీ మీద పెట్టిన రూలు పాపా. నీకు చేసిందానికి.

…

ఆలస్యమే. నేను కాదనడంలే. నీకు చెప్పాల్సిన మాట నాకు చెప్తే ఏం వస్తాది? ఆయమ్మకి మొండితనం. నీకూ తక్కువేం లేదు.

…ఏడువు. ఏడువు తల్లీ. నేనూ అదే చేస్తాండా.

ఒక్క నిమిషం — ఏం స్పందనా? ఇట్ల రా… ఏంది?…

పాపా, ఈడ ఒక పిల్ల వచ్చి నిలబడుండాది. స్పందన అని. ఐదేండ్లు. రూములోకి పోయి చెయ్యి ముట్టుకునిందంట… చల్లగా ఉండాదంట. దుప్పటి కప్పేదా అని అడుగుతాండాది.

…

ఏం చెప్పేది? నువ్వు చెప్పు. నీ తల్లి కదా…

…సరే.

సరే. ఆ మాటే చెప్తా. ఫోన్ పెట్టొద్దు, లైన్లోనే ఉండు.

స్పందనా, నా మొగం చూడు. దుప్పటి వద్దు తల్లీ. మార్తమ్మకి చలి వెయ్యదు. మార్తమ్మ చచ్చిపోయింది… ఆ. చచ్చిపోయింది… లేదు, లేవదు… లేదమ్మా, రేపు కూడా లేవదు… పొద్దున నేను చెప్పింది అబద్ధం. నాకు భయమాయ, అందుకని చెప్తి… ఆ, అందరూ చూడొచ్చు. పోయి పిలుచుకోని రా… గట్టిగానే పిలువు. ఇంక గట్టిగా పిలవొచ్చు.

హలో? విన్నావా పాపా?…

ఆ పిల్ల నా కొంగు పట్టుకోని రవ్వంత సేపు నిలబడింది. మళ్ళా పాయ.

…ఆ, అంతే ఉండాది. ఇంత పిల్ల. నువ్వూ అప్పుడు ఇంతే ఉండింటావు.

చూడు, రాలేనంటే నేను బలవంతం చెయ్యను. ఇప్పుడు బయలుదేరితే మూడుకంతా వచ్చేస్తావు. అయితే ఒకటి, నేను చెప్పినానని నమ్మొద్దు. ఫోన్‌లో మాట ఎవరైనా చెప్తారు. వచ్చి చూడు. చెయ్యి పట్టుకోని చూడు. తిట్టల్ల అంటే తిట్టు, నేను తలుపు మూసి బయట కూర్చుంటా. మీ నాయన్ని చూడనియ్యలే నిన్ను. ఈమెనైనా చూడు జెస్సీ. నాలుగు దాటితే చూద్దామన్నా ఉండదు…

హలో?…

పాపా?… హలో!

…ఎవురు? ఓబళప్పా? జెస్సీ యాడ?… ఎటు పాయ?… బస్టాండు దిక్కా! సరిగ్గా చూస్తివా?… పరిగెత్తతాండాదా…

ఏంది?… మేడ మీద తలుపు తీసే ఇడిసిపెట్టి పాయనా? నువ్వే బీగం వెయ్యప్పా, నీకు పుణ్యముంటాది…

వద్దొద్దు, కేకెయ్యొద్దు! ఇప్పుడు వెనక్కి పిలిస్తే నిలబడిపోతాది. పోనీ అప్పా… పోనీ.